కాలిన వాసన చెప్పే కబురు

పెరట్లో బట్టలు ఆరవేస్తున్న ఇల్లాలికి వంటింట్లో పప్పు అడుగంటిన సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయా, పోపు మాడిందా, మసిగుడ్డ నిప్పుకు తగిలిందా అన్నది చూడకుండానే చెప్పేస్తుంది. అదే ఇల్లాలు మోటారు బండిలో కూర్చుని “ఏదో మాడుతోందండీ” అంటే మాత్రం మనం నవ్వి ఊరుకుంటాం. అలా ఊరుకోవడం ఎంత ప్రమాదమో మా కుటుంబానికి భాకరాపేట ఘాట్‌లో తెలిసివచ్చింది.

మా బావమరిదికి ఒక పాత జీపు ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. జీపు మనవైపు వారికి కొత్త వాహనమేమీ కాదు. 1940ల చివరలోనే బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టారు. 1952లో సమాజాభివృద్ధి పథకం వచ్చాక బ్లాకు ఆఫీసు జీపు వెంట పల్లెపిల్లలు పరుగెత్తని ఊరు లేదు. మా బావమరిది కూడా అలా పరుగెత్తినవాళ్ళ సంతానమే. అందుకే ఆ జీపంటే అతనికి ప్రాణం.

వానలు వెలిసిన రోజుల్లో ఒక ఆదివారం అందరం కలిసి తిరుపతి నుంచి తలకోన వెళ్ళాం. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా దారి. జలపాతం చూసి, సిద్ధేశ్వరస్వామి దర్శనం చేసుకుని, తిరుగుదారిలో చుట్టాలవారి మామిడితోటకు మళ్ళాం. తోట దారిలో ఒక వంక అడ్డం వచ్చింది. మోకాటిలోతు నీళ్ళు, అవతలి గట్టున జిగట బురద. బావమరిది ఉత్సాహంగా చిన్న గేరురాడ్డు లాగి, “చూడు బావా, ఇప్పుడు నాలుగు చక్రాలూ పనిచేస్తాయి” అన్నాడు. చేశాయి. జీపు దున్నపోతులా బురద చీల్చుకుని గట్టెక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో రాడ్డును మళ్ళీ వెనక్కు నెట్టడం అతను మరిచిపోయాడు.

పొద్దు వాలుతుండగా భాకరాపేట దాటి ఘాట్ దిగుతున్నాం. నాలుగైదు మలుపులు తిరిగామో లేదో మా ఆవిడ ముక్కు మూసుకుంది. “ఒరేయ్ తమ్ముడూ, ఏదో కాలుతోందిరా!”

“ఎవరో చెత్త తగలబెడుతున్నారక్కా.”

ఇంకో మలుపు తిరిగాం. చెత్త కూడా మాతోపాటు మలుపు తిరిగినట్టుంది, వాసన వదలలేదు. ఈసారి అతను “క్లచ్చు వాసనలే, బురదలో తొక్కాం కదా. ఇంటికి పోయాక చూద్దాం” అన్నాడు. వెనక సీట్లో అత్తయ్య ఒక్క మాటే అంది: “బండి ఆపు నాయనా. నాకు కాళ్ళు పట్టేశాయి.” ఆమె కాళ్ళకు ఏమీ కాలేదని తరవాత తెలిసింది.

వెడల్పాటి చోట ఆపాము. అదే సమయానికి మోటారు సైకిలు మీద పోతున్న ఒక మెకానిక్కు మమ్మల్ని చూసి ఆగాడు. చేతులకున్న గ్రీజు మరకలే అతని సర్టిఫికెట్టు. అతను బానెట్టు ఎత్తలేదు, రెంచి తియ్యలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

“వాసన ఎప్పుడు మొదలాయె సామీ? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?”

“దిగేటప్పుడే.”

“ఏ గేరులో దిగతా ఉండారు?”

బావమరిది కొంచెం తటపటాయించి, “నాలుగో గేరు. కాలు బ్రేకు మీదే ఉంది” అన్నాడు.

మెకానిక్కు నాలుగు చక్రాల దగ్గరా వంగి, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూశాడు. నేను కూడా చెయ్యి చాపబోతే, “తాకబాక సామీ, తోలు ఊడొస్తుంది” అన్నాడు. నాలుగు చక్రాలూ కుంపట్లలా ఉన్నాయి. కుడివైపు ముందు చక్రం మరీ ఎక్కువ. వంకలోని ఇసుకా బురదా దాంట్లో ఇరుక్కున్నాయి. “ఇప్పుడు బ్రేకు తొక్కి చూడండి” అన్నాడు. బావమరిది తొక్కాడు. పెడల్ వెన్నముద్దలో కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. కింద ఇంకా ఎన్నో మలుపులున్నాయి. బండిలో ఇద్దరు పిల్లలు, ఒక ముసలావిడ ఉన్నారు.

బ్రేకు ఎందుకలా మెత్తబడింది? బండి కొండ దిగుతున్నప్పుడు దాని బరువులోని శక్తి ఎక్కడికో పోవాలి. ఇంజను ఆపకపోతే బ్రేకులే దాన్ని వేడిగా మార్చాలి. తిరుమల నుంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. రెండు టన్నుల బండి అంత దూరం కేవలం బ్రేకుల మీదే దిగితే, పుట్టే వేడితో దాదాపు 45 లీటర్ల చన్నీళ్ళను మరిగించవచ్చు! ఆ వేడి బ్రేకు ఆయిలుకు పాకుతుంది. కొత్త డాట్ 3 రకం ఆయిలు 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. కాని ఆ ఆయిలు గాలిలోని చెమ్మను మెల్లగా పీల్చుకుంటుంది. అలా పాతబడ్డదానికి ప్రమాణం 140 డిగ్రీలే. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. కాలు నొక్కేది ఆ బుడగలనే, చక్రాన్ని కాదు. బండి ఆగాక గాలి తగలదు కనుక ఈ ప్రమాదం మరీ హెచ్చు.

“నీళ్ళు పోద్దామా?” అన్నాను.

“పోయబాకండి. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే వంకరన్నా పోతుంది, పగుల్నన్నా పగులుతుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగబాకండి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. గంటసేపు గాలికి ఆరనీండి.”

అంతలో అతని చూపు చిన్న గేరురాడ్డు మీద పడింది. “ఇదేంది సామీ, ఫోర్‌వీల్‌లోనే ఉండాదే!” అన్నాడు. బావమరిది తల వంచుకున్నాడు.

ఈ రెండో తప్పు సంగతీ చెప్పాలి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్న ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇలాంటి జీపుల్లో ఫోర్‌వీల్ వేస్తే ముందూ వెనకా ఇరుసులు ఒకదానికొకటి బిగిసిపోతాయి. బురదలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారదు. పిండిన తడిబట్టలా లోపలి షాఫ్టులు మెలి తిరుగుతాయి. టైర్లు రోడ్డును గీకుతాయి, గేరు ఆయిలు వేడెక్కుతుంది, రాడ్డు బిగుసుకుపోయి వెనక్కు రానంటుంది. మాకూ రాలేదు. మెకానిక్కు తన పిడికిలి బలం చూపలేదు. బండి చల్లారాక రెండు గజాలు వెనక్కు నడిపించాడు. మెలి విడిపోయింది, రాడ్డు దానంతటదే వచ్చింది.

కాచుకున్న ఆ గంటలో అతను మాకు వాసనల పాఠం చెప్పాడు. మా ఆవిడ ఒక్కటీ మరవలేదు కనుక ఇక్కడ రాయగలుగుతున్నాను.

క్లచ్చు కాలితే మాడిన కాగితం, కాలిన తాడు కలిసిన వాసన. అది ఎక్కుడులోనో, బురదలో సగం తొక్కిపట్టినప్పుడో వస్తుంది. ఆ తరవాత పైగేరులో యాక్సిలరేటరు నొక్కితే ఇంజను అరిచి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్చు అరిగిందన్నమాట. బ్రేకు వాసన ఘాటుగా ముక్కు పుటాలు మండిస్తుంది. నాలుగు చక్రాలూ వేడెక్కితే తప్పు నడిపినవారిది. ఒక్కటే వేడెక్కితే ఆ చక్రంలో బ్రేకు పట్టేసింది. పాత విల్లీస్ నమూనా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలకు ఉండదు, బండి నడుమ షాఫ్టుకు ఉంటుంది. అది విడవడం మరిస్తే వాసన సీటు కిందనుంచి వస్తుంది.

కుళ్ళిన గుడ్డులాంటి గంధకపు వాసన గేరు ఆయిలుది. వంక దాటినవారు ఆ ఆయిలును తప్పక చూపించుకోవాలి. కాగిన ఇరుసు పెట్టె చన్నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సందు ఉంటే నీటిని పీలుస్తుంది. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే మార్చవలసిందే. తియ్యటి వాసన రేడియేటరు నీళ్ళలో కలిపే మందుది. వేడిమీద మూత విప్పరాదు. రబ్బరో ప్లాస్టిక్కో మాడే వాసన వైర్లదైతే ఒక్క క్షణం ఆగకూడదు: ఇంజను ఆపి, పిల్లల్ని దించి, తరవాతే బ్యాటరీ తీగ విప్పాలి.

ఎండుగడ్డి వాసనను మాత్రం ఎవరూ తేలికగా తీసుకోరాదు. అడవి దారుల్లో గడ్డి షాఫ్టుకు చుట్టుకుని సైలెన్సరుకు తగులుతుంది. 2020 తరవాత వచ్చిన చాలా డీజిలు బండ్లలో పొగమసిని లోపలే కాల్చివేసే ఏర్పాటుంది. ఆ సమయంలో పొగగొట్టం విపరీతంగా కాగుతుంది. అలాంటి బండిని ఎండుగడ్డి మీద నిలిపితే బండికే కాదు, అడవికీ ముప్పే. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో రేగిన మంటలను ఆర్పడానికి వైమానికదళం హెలికాప్టర్లు రావలసివచ్చింది. ఆ మంటలు ఎలా పుట్టినా, ఈ అడవి ఎంత సులువుగా అంటుకుంటుందో దానితో తెలిసింది.

చీకటి పడేవేళకు పెడల్ గట్టిపడింది. “ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి సామీ. ఇంజనే మిమ్మల్ని పట్టి దించుతుంది” అని చెప్పి, డబ్బు ఇవ్వబోతే టీకి చాలినంతే తీసుకుని వెళ్ళిపోయాడు. రెండో గేరులో, మధ్య మధ్య ఆగుతూ, నిదానంగా దిగాము. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే నేడు దిగే దారి. 1974లో వేసిన రెండోది ఎక్కే దారి. దిగేవారు ఇంత సమయానికి ముందు కిందికి చేరరాదని అక్కడ నియమం పెట్టినప్పుడు మేము విసుక్కున్నవాళ్ళమే. దాని విలువ ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు షెడ్డులో బ్రేకు ఆయిలు తీయిస్తే కాఫీ డికాక్షనులా నల్లగా వచ్చింది. దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో బావమరిదికే గుర్తులేదు.

ఇప్పుడు అతను ఏ ఘాట్ దిగబోయినా ముందు రెండో గేరు వేస్తాడు. తరవాత వెనక్కు తిరిగి అడుగుతాడు:

“అక్కా, వాసనేమైనా వస్తోందా?”