టెర్బియం గాలియం గార్నెట్

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసినప్పుడు అందరూ మోటారు అయస్కాంతాల గురించే మాట్లాడారు. ఆ జాబితాలోని టెర్బియం, గాడోలినియం, యిట్రియం గార్నెట్ స్ఫటికాలకూ ఆధారం.

వాటిలో ఒకటి టెర్బియం గాలియం గార్నెట్. అయస్కాంత క్షేత్రంలో ఈ స్ఫటికం గుండా వెళ్లే కాంతి ధ్రువణ తలం తిరుగుతుంది. 1845లో మైకేల్ ఫారడే గాజులో గమనించిన ప్రభావమిది. వెళ్లేటప్పుడు 45 డిగ్రీలు తిరిగిన కాంతి, ప్రతిఫలించి వెనక్కొస్తే అదే వైపు మరో 45 డిగ్రీలు తిరుగుతుంది. మొత్తం 90 కావడంతో ముందున్న పోలరైజర్ దాన్ని ఆపేస్తుంది. లేజర్ తన కాంతికే దెబ్బతినకుండా కాపాడే ఐసోలేటర్ ఇదే.

ఈ స్ఫటికాన్ని పెంచడమే కష్టం. ఇరిడియం మూసలో సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన ద్రవంలో విత్తన స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ, చాలా నెమ్మదిగా పైకి లాగాలి. ఈలోగా గాలియం ఆక్సైడ్ ఆవిరైతే పాళ్లు చెడతాయి.

ముడిసరుకైన టెర్బియం సంపాదించడమూ తేలిక కాదు. జంషెడ్‌పూర్‌లో 1950లో ప్రారంభమైన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ పాత అయస్కాంతాల నుంచి రేర్ ఎర్త్‌లను రాబట్టే పద్ధతులపై పనిచేసింది. భీమునిపట్నం ఇసుకలో రేర్ ఎర్త్‌లుండే మోనజైట్ ఖనిజం ఉన్నా, అందులో టెర్బియం బహు స్వల్పం. అందుకే ఆ పని ఎంతో విలువైనది. అయితే స్ఫటికానికి కావలసిన అత్యంత శుద్ధ ఆక్సైడ్ దాకా చేరడం ఇంకో పెద్ద మెట్టు.