అడ్డుతెర దిగే వేళకు పాత లెన్సే అండ

డెల్టా స్టూడియోల బీరువాల్లో చేతి ఫోకస్ కటకాలు - చీకటి పెళ్ళిళ్ళకు వెలుగు

రాజమండ్రి : పెళ్ళిపందిట్లో అన్నిటికంటె చిన్న ఘడియ ఏదని వీడియో తీసేవారిని అడిగితే తడుముకోకుండా చెబుతారు - అడ్డుతెర దిగే ఘడియ. పురోహితుని గొంతు పెరుగుతుంది. గట్టిమేళం మోగుతుంది. జీలకర్ర బెల్లం పెట్టిన చేతులు తలలమీద వుండగానే తెర తప్పుకుంటుంది. పెళ్ళికూతురు తలెత్తి చూసేది ఆ ఒక్క క్షణమే. ఇంకోసారి చూడమని అడగడానికి అది సినిమా షూటింగు కాదు.

ఆ క్షణంలో కెమెరా ఏం చేస్తుందన్నదే ప్రశ్న. తనంతట తాను ఫోకస్ చేసుకునే లెన్సుకు అప్పటివరకు ఎదురుగా కనిపించినది తెర. అది పోగానే మొహం కోసం వెతుకుతుంది. ఒకసారి ముందుకు పోతుంది, ఒకసారి వెనక్కి వస్తుంది. సెకనుకు 25 బొమ్మలు తీసే వీడియోలో ఒక్క సెకను తడబడితే 25 బొమ్మలూ మసకే. ఈలోగా పెళ్ళికూతురు తల దించేసుకుంటుంది. ఆ తరువాత తలంబ్రాల వంతు. ఎగిరే బియ్యపు గింజలను చూసి లెన్సు మళ్ళీ తికమక పడుతుంది. హోమం పొగ సరేసరి.

ఇటీవలి కెమెరాలు మనిషి కన్నును గుర్తుపట్టి ఫోకస్ చేయడంలో ఎంతో ముందుకు వచ్చిన మాట నిజం. అయితే ఆ కెమెరాలు, వాటికి తగిన లెన్సులు చిన్న స్టూడియోల శక్తికి మించినవి. అందుకే గోదావరి జిల్లాల్లో పాతకాలపు స్టూడియో నడిపే కుటుంబాలకు ఒక దగ్గరి దారి వున్నది. తండ్రి కాలంలో ఫిల్ము కెమెరాకు తగిలించిన 50 మిల్లీమీటర్ల లెన్సు ఇంట్లోనే వుంటుంది. చేత్తో తిప్పితేనే తిరుగుతుంది. దగ్గరకు లాగే జూమ్ లేదు, మోటారు లేదు. వున్నదల్లా పెద్ద కన్ను.

కన్ను పెద్దదైతే...

మన ప్రాంతంలో ముహూర్తాలు చాలావరకు రాత్రివేళలే. అర్ధరాత్రి దాటాక పెట్టేవీ, తెల్లవారుజామున పెట్టేవీ కద్దు. వి.హెచ్.ఎస్. కెమెరాల రోజుల్లో దీనికి ఒకటే మందు - మండిపోయే హాలోజన్ దీపం. అది పట్టుకున్న కుర్రవాడు ఎటు తిరిగితే అటు చుట్టాలందరూ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. పెళ్ళికూతురు బొట్టు చెమటకు కారిపోయేది. ఆనాటి టేపులు ఇప్పుడు వేసి చూస్తే మొహాలన్నీ సున్నం కొట్టినట్లు, వెనక పందిరి అంతా కాటుక పూసినట్లు కనిపిస్తాయి. దీపం వెలుగు తప్ప పెళ్ళి వెలుగు అందులో లేదు.

పెద్ద కన్ను లెన్సుతో ఆ బాధ తగ్గుతుంది. దీనికి లెక్క వున్నది. లెన్సు మీద ఎఫ్ 1.4 అనో, ఎఫ్ 3.5 అనో రాసి వుంటుంది. లెన్సు పొడవును ద్వారపు వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె అది. అంకె తగ్గేకొద్దీ ద్వారం పెద్దదని అర్థం. 50 మిల్లీమీటర్ల లెన్సు ఎఫ్ 1.4 అయితే ద్వారం సుమారు 36 మిల్లీమీటర్లు. కెమెరాతోపాటు ఉచితంగా వచ్చే 18-55 జూమ్ లెన్సును పూర్తిగా దగ్గరకు లాగితే అది ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ద్వారం 10 మిల్లీమీటర్లు మాత్రమే. రెండింటికీ వెలుగులో తేడా 16 రెట్లు.

16 రెట్లంటే మాటలు కాదు. జూమ్ లెన్సుతో కెమెరా సున్నితత్వాన్ని 6400 దాకా పెంచి, గసగసాలు చల్లినట్లున్న బొమ్మ తీయవలసిన చోట, ఈ లెన్సుతో 400 దగ్గరే శుభ్రమైన బొమ్మ వస్తుంది. కుందిలో వత్తి వెలుగు వత్తి వెలుగులాగే పడుతుంది.

ఫొటో తీసేవారయితే షట్టరును నెమ్మది చేసి ఇంకొంచెం వెలుగు రాబట్టుకుంటారు. వీడియోకు ఆ వెసులుబాటు లేదు. సెకనుకు 25 బొమ్మలు తీస్తున్నప్పుడు షట్టరును 50వ వంతు సెకను దగ్గర వుంచడం ఆనవాయితీ. అంతకంటె నెమ్మదిస్తే కదలిక జారినట్లుంటుంది. మన కరెంటు 50 సైకిళ్ళది కాబట్టి 50వ వంతు అయితే ట్యూబులైట్ల మిణుకు కూడా బొమ్మలో పడదు. వెలుగు కావాలంటే ఇక ద్వారం తెరవడమే దారి.

గోదావరికి కొత్త కాదు

నిజానికి స్థిరమైన లెన్సు, చేతి ఫోకస్ ఈ గట్టుకు కొత్తవి కావు. నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టి సినిమా తీసిన 1936 నాటికి జూమ్ లెన్సు వాడుక చాలా అరుదు. బాపు తొలి చిత్రం 'సాక్షి'ని 1967లో పులిదిండి గ్రామంలో ఆరుబయట తీశారు. ఛాయాగ్రాహకుడు సెల్వరాజ్. సినిమా యూనిట్లలో జూమ్ కాని లెన్సును 'బ్లాక్ లెన్సు' అంటారు. నటుడు నిలిచే చోట సుద్దముక్కతో గీత గీయడం, కెమెరా నుంచి టేపుతో దూరం కొలవడం, ఆ అంకెకు లెన్సు తిప్పడం - ఇదే వారి పద్ధతి. కదిలే నటునితోపాటు లెన్సు తిప్పడానికే ప్రత్యేకంగా ఒక మనిషి వుంటాడు. అతని పొరపాటు తెరమీద వందల అడుగుల దూరానికి కూడా కనబడుతుంది. ఇప్పటికీ పెద్ద సినిమాలకు ఫోకస్ పట్టేది చాలావరకు మనిషి చెయ్యే.

1975 సంవత్సరం ఈ విషయంలో చెప్పుకోదగినది. ఆ ఏడాది వచ్చిన బాపు 'ముత్యాల ముగ్గు'కు ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. కృత్రిమ దీపాల ఆర్భాటం తగ్గించి సహజమైన వెలుగుకు పెద్దపీట వేశారు. ఆ పనికి ఆయనకు జాతీయ బహుమతి లభించింది. అదే ఏడాది స్టాన్లీ కుబ్రిక్ తీసిన ఆంగ్ల చిత్రం 'బారీ లిండన్'లో కొన్ని దృశ్యాలు కొవ్వొత్తుల వెలుగులోనే తీశారు. అమెరికా అంతరిక్ష సంస్థ కోసం జర్మనీకి చెందిన జైస్ కంపెనీ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 0.7 లెన్సును ఆయన సంపాదించి కెమెరాకు అమర్చుకున్నారు. చంద్రుని కోసం చేసిన కన్ను చివరకు కొవ్వొత్తి దగ్గరకు చేరిందన్నమాట.

తిరిగి వచ్చిన ప్రాణం

పాత లెన్సులకు మళ్ళీ గిరాకీ తెచ్చిన ఘటన 2008లో జరిగింది. ఆ ఏడాది కేనన్ కంపెనీ వీడియో కూడా తీయగల 5డి మార్క్ 2 కెమెరాను విడుదల చేసింది. బొమ్మ అద్భుతం. కాని మొదట్లో వీడియో తీసేటప్పుడు ద్వారాన్ని కెమెరాయే తన ఇష్టప్రకారం మార్చేసేది. దానికి విరుగుడుగా చాలామంది పాత నికాన్ లెన్సులను అడాప్టరుతో తగిలించారు. వాటి ద్వారాన్ని లెన్సుమీది చక్రంతో చేత్తోనే తిప్పాలి కాబట్టి కెమెరా పెత్తనం సాగలేదు. 2009లో కంపెనీ ఆ లోపం సవరించినా పాత లెన్సు రుచి మరిగినవారు వదలలేదు.

అడాప్టరు గుట్టు దూరంలో వున్నది. ప్రతి కెమెరాకు లెన్సు తగిలించే పట్టీ నుంచి బొమ్మ పడే తలం వరకు నిర్ణీతమైన దూరం వుంటుంది. పాత నికాన్‌కు అది 46.5 మిల్లీమీటర్లు. ఇప్పటి అద్దంలేని సోనీ కెమెరాలకు 18 మాత్రమే. మిగిలిన దూరాన్ని ఒక ఉత్త గొట్టంతో పూడిస్తే సరి, అందులో గాజు అక్కరలేదు. అందువల్ల నికాన్, పెంటాక్స్, రష్యా హీలియోస్, ఒకప్పటి కేనన్ ఎఫ్.డి. లెన్సులన్నీ వీటిమీద పనిచేస్తాయి. అయితే లెన్సు లేనట్లే కెమెరా భావిస్తుంది కాబట్టి 'లెన్సు లేకున్నా షట్టరు' అనే ఏర్పాటును మెనూలో ముందే పెట్టుకోవాలి. కెమెరాలో వణుకు తగ్గించే సాధనం వుంటే లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో అంకె వేసి చెప్పాలి. పందిట్లోకి వెళ్ళాక ఇవి వెతుక్కోవడం మొదలుపెడితే ముహూర్తం దాటిపోతుంది.

జానెడు లోపల

ఇంతవరకు లాభాలు. ఇక కష్టం. ద్వారం పెద్దదయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. పెద్ద సెన్సరు కెమెరాపై 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.4కు తెరిచి 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వుండేది సుమారు 13 సెంటీమీటర్ల మేర మాత్రమే. జానెడు కూడా కాదు. పెళ్ళికూతురు కన్ను నిలిస్తే చెవి జూకా మసక. పెళ్ళికొడుకు కొంచెం వెనకగా కూర్చుంటే అతడు మబ్బులోకి పోయినట్లే. పిల్ల తండ్రి ఆ వీడియో చూసి 'అల్లుడేడి?' అని అడిగితే జవాబుండదు.

అందుకని అనుభవమున్నవారు లెన్సును ఎప్పుడూ పూర్తిగా తెరవరు. ఇద్దరూ కలిసి వున్నప్పుడు ఎఫ్ 2.8 దగ్గర పెడతారు. లోతు 27 సెంటీమీటర్లకు పెరుగుతుంది. అప్పటికీ జూమ్ లెన్సు ఎఫ్ 5.6 కంటె 4 రెట్లు వెలుగు చేతిలో వుంటుంది. 1.4 అన్నది దీపం మాత్రమే వున్న చోటికి, ఒక్క మొహానికి దాచుకునే బాణం.

అడ్డుతెర సంగతికి వస్తే కిటుకు తేలిక. తెర కట్టకముందే పెళ్ళికూతురు కూర్చునే చోటుకు లెన్సు తిప్పి వుంచుతారు. పాత లెన్సులో ఉంగరం నిజమైన మర మీద తిరుగుతుంది. పెట్టిన చోటనే వుంటుంది. తెర వచ్చినా, అక్షింతలు ఎగిరినా, మేనమామ అడ్డంగా నడిచినా దానికి పట్టదు. తెర దిగగానే మొహం స్పష్టంగా సిద్ధం. కొత్త లెన్సులలో అనేకం ఉంగరం తిప్పినా తీగల ద్వారా మోటారుకు కబురు పంపేవే. నెమ్మదిగా తిప్పితే ఒక దూరం, వేగంగా తిప్పితే ఒక దూరం పోతాయి. చేతికి గుర్తు నిలవదు.

చేతి గుర్తే ఈ విద్యకు ప్రాణం. ఉంగరానికి రంగు కాగితం అంటించి 1 మీటరు, 2 మీటర్లు, 3 మీటర్లు అని గుర్తు పెట్టుకోవడం మొదటి పాఠం. స్పష్టమైన అంచులకు తెరమీద రంగు గీత చూపే ఏర్పాటు ఇప్పటి కెమెరాల్లో వున్నది. చత్వారం వచ్చిన కళ్ళకు అది పెద్ద సాయం. అయినా ఎదురు సన్నాహం ఊరేగింపులో కెమెరావైపు నడిచి వచ్చేవారిని చేత్తో పట్టడం ఏళ్ళ సాధన మీదగాని రాదు. రానివారు అక్కడ మామూలు లెన్సు వాడుకోవడమే మర్యాద.

పగటిపూట మరో చిక్కు. మిట్టమధ్యాహ్నం ఎండలో షట్టరు 50వ వంతు దగ్గరే వుంచి ఎఫ్ 1.4కు తెరిస్తే బొమ్మ తెల్లగా మాడిపోతుంది. వెలుగును 256వ వంతుకు తగ్గించే నల్ల ఫిల్టరు ముందు తగిలించాలి. లేదా ద్వారం మూసి తీసుకోవాలి.

బూజుతో పోరు

డెల్టాలో లెన్సుకు అసలు శత్రువు గాలి. ఒకవైపు సముద్రం, ఇంకొకవైపు గోదావరి, మధ్య కాలవలు, వరిచేలు. గాలిలో తేమ 60 శాతం దాటి నిలిస్తే గాజుమీద బూజు పుడుతుంది. సాలెగూడు లాంటి తెల్లని తీగలు లోపలి గాజుకు పాకుతాయి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచిన లెన్సుకే ఈ జబ్బు ఎక్కువ. తోలు తేమను పట్టి వుంచుతుంది. బూజు ముదిరితే గాజుమీది పూత తినివేస్తుంది. తరువాత విప్పి తుడిచినా మచ్చ పోదు. నాన్నగారి లెన్సు గదా అని పదిలంగా దాచినవారే దానిని పోగొట్టుకుంటున్నారు.

విరుగుడు ఖరీదైనది కాదు. మూత బిగుతైన ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ గుళికలు. నీలంగా వుండే గుళికలు తేమ పీల్చి గులాబి రంగుకు మారితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. తేమను 40, 50 శాతాల మధ్య వుంచితే చాలు. వారానికి ఒకసారి లెన్సు బయటికి తీసి రెండు ఉంగరాలూ అటూ ఇటూ తిప్పాలి. పాతది కొనేవారు వెనకనుంచి టార్చి వేసి చూసి మరీ కొనాలి. మేలైన లెన్సయినా సరే, బూజు పట్టినది మంచివాటి పక్కన పెట్టరాదు.

మిగిలేది బొమ్మే

ఈ విద్య పెళ్ళిళ్ళతో ఆగేది కాదు. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో స్వామివారి కల్యాణం, రాజమండ్రి పుష్కరఘాట్‌లో సాయంవేళ హారతి, తిరునాళ్ళ రాత్రుల్లో బుర్రకథలు - ఇవన్నీ తక్కువ వెలుగులో జరిగేవే. 2015 తరువాత గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో. పుష్కరానికి పుష్కరానికి మధ్య 12 ఏళ్ళు. ఈసారి దీపం వదిలిన చేతులలో కొన్ని ఆ తరువాతి పుష్కరానికి వుండవు.

కొవ్వూరు దగ్గర కుమారదేవం గట్టున వున్న నిద్రగన్నేరు వృక్షం 'సినిమా చెట్టు'గా పేరుపొందింది. సుమారు 150 ఏళ్ళదని చెప్పుకునే ఆ చెట్టు నీడన ఎన్నో సినిమాలు తీశారు. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. చెట్టు నిలిచి వున్న రోజుల్ని చూడాలంటే ఇప్పుడు ఆ సినిమాల్లోనే చూడాలి.

ఇంటి సంగతీ అంతే. పెళ్ళయిన పదేళ్ళకు ఆ వీడియో వేసి చూసేవారు పెళ్ళికూతురు నగల కోసం చూడరు. పందిరి పక్కన కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్న తాతగారి కోసం చూస్తారు. ఆయన వున్న చోట దీపం తక్కువ. ఆయన కళ్ళు తుడుచుకున్నది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ మసక లేకుండా వున్నాయా లేదా అన్నదే వీడియో తీసినవాని పనికి ఆ ఇల్లు వేసే వెల.