వరిలో జనక రకాల ఎంపికకు సమూహ విశ్లేషణ – ప్రయోజనాలు, జాగ్రత్తలు

వరి ప్రజననంలో సంకరణ చేసిన నాటి నుండి కొత్త రకం విడుదలయ్యే వరకు సాధారణంగా 8 నుండి 10 సంవత్సరాలు పడుతుంది. ఎంపిక చేసిన జనకాలు రెండూ జన్యుపరంగా దగ్గరివైతే సంతతిలో వైవిధ్యం పరిమితంగా ఉండి, మేలైన మొక్కలను ఎంపిక చేసే అవకాశం తగ్గిపోతుంది. ఈ లోపం బయటపడే సరికి అనేక పంటకాలాలు గడిచిపోతాయి. కాబట్టి జనకాల ఎంపికలో జరిగే పొరపాటు మూల్యం చాలా ఎక్కువ.

అయితే ఈ ఎంపిక కంటిచూపుతో సాధ్యం కాదు. 50 వంగడాలను పరీక్షించినపుడు పోల్చవలసిన జతలు 1,225 ఉంటాయి. ప్రతి జతను పూతకు పట్టే రోజులు, మొక్క ఎత్తు, పిలకల సంఖ్య, కంకి పొడవు, వెయ్యి గింజల బరువు, దిగుబడి వంటి అనేక లక్షణాలలో ఒకేసారి పోల్చవలసి ఉంటుంది. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న వంగడాలను ఒక గుంపుగా, దూరంగా ఉన్న వాటిని వేర్వేరు గుంపులుగా విభజించే గణాంక ప్రక్రియే సమూహ విశ్లేషణ.

దూరాన్ని కొలిచే విధానం

సమూహాలు ఏ విధంగా ఏర్పడతాయన్నది ముందుగా దూరాన్ని కొలిచే విధానంపై ఆధారపడుతుంది. ఊహాత్మకంగా మూడు వంగడాలను పరిశీలిద్దాం. 'అ' వంగడం 115 రోజులకు పూతకు వస్తుంది. వెయ్యి గింజల బరువు 14 గ్రాములు, హెక్టారు దిగుబడి 5,600 కిలోలు. 'ఆ' వంగడానికి ఈ విలువలు 90 రోజులు, 24 గ్రాములు, 5,650 కిలోలు. 'ఇ' వంగడానికి 113 రోజులు, 15 గ్రాములు, 5,800 కిలోలు.

తేడాల వర్గాలను కూడితే 'అ', 'ఆ'ల మధ్య దూర వర్గం 3,225, 'అ', 'ఇ'ల మధ్య 40,005 వస్తుంది. అంటే దీర్ఘకాలిక సన్నగింజ వంగడమైన 'అ', స్వల్పకాలిక లావుగింజ వంగడమైన 'ఆ'కు దగ్గరిదిగా తేలుతుంది. ఇదే దిగుబడిని టన్నులలో రాస్తే ఆ విలువలు వరుసగా సుమారు 725, 5గా మారి, 'అ'కు 'ఇ' దగ్గరవుతుంది. పొలంలో ఏ మార్పూ లేదు. కొలత ప్రమాణం మాత్రమే మారింది. అందువలన లక్షణాల విలువలను ప్రామాణిక విచలనంతో భాగించి ఒకే స్థాయికి తీసుకురావడం అవసరం.

అయినా మరొక సమస్య మిగులుతుంది. పూతకు పట్టే రోజులు, పంటకాలం పరస్పరం గాఢమైన సంబంధం గల లక్షణాలు. రెండింటినీ విడివిడిగా లెక్కిస్తే ఒకే అంశానికి రెండింతల ప్రాధాన్యం లభిస్తుంది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన డి-స్క్వేర్ దూరం లక్షణాల మధ్య సహసంబంధాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని ఈ లోపాన్ని సవరిస్తుంది. దీనికి పునరావృతాలతో కూడిన ప్రయోగం ద్వారా దోష సహవిస్తృతిని అంచనా వేయడం అవసరం.

సమూహాలు ఏర్పరచే పద్ధతులు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 1952 నాటి తన గ్రంథంలో టోచర్ పద్ధతిని వివరించారు. ఇందులో అతి తక్కువ దూరం గల రెండు వంగడాలతో మొదటి సమూహం ప్రారంభమవుతుంది. వాటికి సగటున అత్యంత సమీపంలోని మూడవ వంగడాన్ని, తరువాత నాలుగవ దానిని చేరుస్తూ పోతారు. కొత్త వంగడం చేరినపుడు సగటు దూరం ఒక్కసారిగా పెరిగితే దానిని వదలి, తరువాతి సమూహాన్ని ప్రారంభిస్తారు.

1963లో వెలువడిన వార్డ్ పద్ధతి ప్రతి దశలోనూ సమూహాల అంతర్గత వైవిధ్యం అతి తక్కువగా పెరిగే విధంగా రెండు సమూహాలను కలుపుతుంది. ఫలితాన్ని డెండ్రోగ్రామ్ అనే వృక్షచిత్రంగా చూపుతారు. కె-మీన్స్ పద్ధతిలో సమూహాల సంఖ్యను ముందే నిర్ణయించాలి. ఆరంభ కేంద్రాలు మారితే ఫలితం మారవచ్చు కనుక అనేక ఆరంభ కేంద్రాలతో విశ్లేషణను పునరావృతం చేయాలి.

ఫలితాలను పరీక్షించడం

ఈ పద్ధతులన్నింటికీ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. దత్తాంశంలో సహజమైన విభజన లేకపోయినా ఇవి ఏదో ఒక విభజనను చూపుతాయి. యాదృచ్ఛిక సంఖ్యలతోనూ చక్కని డెండ్రోగ్రామ్ గీయవచ్చు. కాబట్టి సమూహాలను తుది తీర్పుగా గాక, పరీక్షించవలసిన ప్రతిపాదనగా భావించాలి.

సిల్హౌట్ విలువ -1 నుండి +1 వరకు ఉంటుంది. అది +1కి చేరువగా ఉంటే వంగడం తన సమూహంలో సరిగా ఇమిడినట్లు. సున్నా దగ్గర ఉంటే రెండు సమూహాల సరిహద్దులో ఉన్నట్లు. ఖరీఫ్, రబీ పంటల దత్తాంశాన్ని విడివిడిగా విశ్లేషించినపుడు కూడా అవే వంగడాలు కలిసి ఉంటే ఆ సమూహంపై విశ్వాసం పెరుగుతుంది. ఒకే వంగడంతో ఏర్పడిన సమూహం అరుదైన జన్యుసంపదను సూచించవచ్చు. లేదా నమోదులో ఒక దశాంశ బిందువు తప్పిన ఫలితమూ కావచ్చు. అందుచేత ముందుగా ఫీల్డ్ బుక్‌ను సరిచూడాలి.

సంకరణకు వినియోగం

సేకరించిన ప్రాంతం వేరైనంత మాత్రాన వంగడాలు జన్యుపరంగా భిన్నమైనవని భావించరాదు. ఒకే ప్రాంతపు వంగడాలు వేర్వేరు సమూహాలలోను, దూర ప్రాంతాల వంగడాలు ఒకే సమూహంలోను చేరడం పరిపాటి. అదే విధంగా అత్యధిక దూరం గల జతే ఉత్తమమైనదని కూడా అనుకోరాదు. ఇండికా, జపానికా రకాల సంకరాలలో తాలు సమస్య ఇందుకు నిదర్శనం. దూరంతో పాటు సమూహ సగటులను కూడా పరిశీలించి, ఒక సమూహం నుండి దిగుబడిలోను, మరొక సమూహం నుండి స్వల్పకాలికత లేదా గింజ నాణ్యతలోను మేలైన వంగడాలను జనకాలుగా ఎంచుకోవాలి. చీడపీడల నిరోధకతను విడిగా పరీక్షించి నిర్ధారించుకోవాలి.

కంప్యూటర్‌లో సమూహ విశ్లేషణ నేడు కొన్ని క్షణాలలో పూర్తవుతుంది. అయితే ఏ లక్షణాలు తీసుకోవాలి, ఏ దూరం వాడాలి, వచ్చిన సమూహాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న నిర్ణయాలు ప్రజనన శాస్త్రవేత్తవే. ఈ వివరాలను పరిశోధన నివేదికలో స్పష్టంగా పేర్కొన్నపుడే ఇతరులు ఆ ఫలితాలను సరిచూడగలుగుతారు.