కొండ మీద... నలుగురితో నారాయణ!

పేరున్న కొండ, రోజూ జనం తిరిగే దారి... ఇంకేం భయం అనుకుంటాం. దొంగకు కావలసిందీ అదే! దక్షిణాఫ్రికాలోని టేబుల్ మౌంటెన్ ఎక్కేవాళ్లు పాటించే జాగ్రత్తలివి.

2009లో ఐపీఎల్ దక్షిణాఫ్రికాలో జరిగింది. మన దక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచిన ఏడాది అది. కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానంలో ఆడిన మ్యాచ్‌లను టీవీలో చూసినవాళ్లకు స్టాండ్ల వెనక గోడలా లేచిన కొండలు గుర్తుండే ఉంటాయి. ఆ వరసలోదే టేబుల్ మౌంటెన్. తల కోసేసినట్టు చదునుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎత్తు 1,085 మీటర్లు. 1929 నుంచే పైకి కేబుల్ కారు ఉంది. అయినా కాలినడకన ఎక్కేవాళ్లకు కొదవ లేదు. పక్కనే ఉన్న లయన్స్ హెడ్ ఎత్తు 669 మీటర్లు. పున్నమి రాత్రి దానిమీదికి టార్చిలైట్లతో బారులు తీరతారు.

ఇంత సందడిలో దొంగలా?

అవును. ఈ జాతీయ పార్కు ఎక్కడో అడవిలో లేదు, నగరాన్ని ఆనుకునే ఉంది. చాలాచోట్ల కంచె ఉండదు. ఎటునుంచైనా ఎక్కొచ్చు, ఎటైనా దిగిపోవచ్చు. పర్యటకుల దగ్గర ఖరీదైన ఫోను, కెమెరా ఉంటాయని దొంగకు తెలుసు. వాళ్లు ఎక్కడ ఆగి ఫొటోలు దిగుతారో కూడా తెలుసు. ఒక గుంపు వెళ్లిపోయి ఇంకో గుంపు వచ్చేలోగా పది నిమిషాలు ఖాళీ దొరికితే చాలు. కత్తి చూపించి సంచి లాక్కుని పొదల్లో మాయమైపోతాడు.

ఒక్కోసారి ప్రాణాలకే ముప్పు. 2018 జనవరిలో అక్కడి కాల్క్ బే కొండల్లో భార్యతో కలిసి నడుస్తున్న ఓ వ్యక్తిని దొంగలు కత్తితో పొడిచి చంపేశారు. అంటే ఒంటరిగానే కాదు, ఇద్దరే వెళ్లినా ధైర్యం చాలదన్నమాట. అందుకే అక్కడ మొదట చెప్పే మాట... కనీసం నలుగురు ఉండాలని. నలుగురు బయల్దేరితే సరిపోదు, నలుగురూ కలిసే నడవాలి. వెనకబడిన ఒక్కరి మీదే దొంగ కన్ను పడుతుంది.

బయల్దేరే ముందు...

వేళ చూసుకోండి. డిసెంబరు, జనవరి అక్కడ ఎండాకాలం. రాత్రి ఎనిమిదింటి దాకా వెలుగుంటుంది. జూన్, జులైలో ఆరింటికే చీకటి పడుతుంది. సూర్యాస్తమయం చూసి దిగేటప్పుడు దారిలో జనం పలచబడతారు. ఆ సమయంలో గుంపును వదలొద్దు.

అసలు పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి, జిరాక్సు వెంట తీసుకెళ్లండి. కేప్‌టౌన్‌లో భారత కాన్సులేట్ ఉంది. కానీ పాస్‌పోర్టు పోతే సెలవులన్నీ దాని చుట్టూ తిరగడానికే సరిపోతాయి. నగలు, ఎక్కువ నగదు కూడా గదిలోనే ఉంచాలి. కారు సీట్లో సంచులు కనిపించేలా వదలకూడదు.

ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి దిగుతారో ఒకరికి చెప్పండి. ఎక్కడున్నామో వాట్సాప్‌లో కబురు పెడుతూ ఉంటే కనిపెట్టి చూసే స్వచ్ఛంద సేవ కూడా అక్కడ ఉంది. చెవుల్లో పాటలు పెట్టుకుని నడవొద్దు. వెనక అడుగుల చప్పుడు వినపడాలి కదా!

ఎదురైతే...

పరుగెత్తడం, కలబడటం వద్దు. కొండ అంచున తోపులాట కత్తికంటే ప్రమాదం. అడిగింది ఇచ్చేయండి. చేతులు కనబడేలా ఉంచండి, హఠాత్తుగా జేబులోకి పోనివ్వొద్దు. వాళ్లు వెళ్లాక జనం ఉన్నచోటికి చేరి, ఎవరి సెల్‌ఫోన్ నుంచైనా 112కు కాల్ చేయండి. పోలీసు ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. ప్రయాణ బీమా కంపెనీ మొదట అడిగేది దాన్నే. బ్యాంకుకు చెప్పి కార్డుల్ని, నెట్‌వర్కుకు చెప్పి సిమ్మును వెంటనే ఆపించాలి. బ్యాంకు నంబర్లు ఫోన్లోనే ఉంటే అదీ దొంగతోనే పోతుంది. కాగితం మీద రాసి గదిలో ఒక కాపీ పెట్టుకోవడం మేలు.

ఇవన్నీ కేప్‌టౌన్‌కే కాదు, పర్యటకులు ఎక్కే ఏ కొండకైనా వర్తిస్తాయి. మీ పిల్లలు ఉద్యోగానికో చదువుకో విదేశాలకు వెళ్లి ఏ కొండో ఎక్కబోతున్నారా? ‘చేరాక ఫోన్ చెయ్యి’ అని ఎలాగూ చెబుతాం. ‘దిగాక కూడా ఫోన్ చెయ్యి’ అనండి. ఎన్నింటికి దిగుతారో అడిగి రాసిపెట్టుకోండి. ఆ వేళ దాటితే ఆరా తీయడానికి ఇంటి దగ్గర ఒకరున్నట్టే!