గేటు తాళం ఎవరి చేతిలో?

దసరా సెలవులు ముగిసిన మరునాటి ఉదయం మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, పాపను లోపటికి రానిస్తలేరు" అంది. నా మేనకోడలు పట్టణంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద లాటరీలో వచ్చిన సీటు అది. ప్రభుత్వం నుండి రావలసిన ఫీజు రాలేదని యాజమాన్యం ఆ పథకం పిల్లలందరినీ గేటు బయటే ఆపింది. నేను వెళ్లేసరికి పదిమందికి పైగా పిల్లలు యూనిఫాంలో, భుజాన సంచులతో, వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. లోపల ప్రార్థన మొదలైంది. బయటి పిల్లలు కూడా అలవాటు కొద్దీ లేచి నిలబడి చేతులు జోడించారు.

కాసేపటికి గుమాస్తా ఒక జాబితా తెచ్చి పేర్లు చదివాడు. ఆ పేర్లన్నీ మాల, మాదిగ, లంబాడా పిల్లలవే. పథకం ఎస్సీ, ఎస్టీలది గనుక బకాయిల జాబితా కూడా వారిదే అయింది. ఫీజు కట్టని ఇతర పిల్లలు ఆ బడిలో లేరా అంటే ఉన్నారు. వారి తండ్రులకు ఫోన్లు వెళతాయి. పిల్లలు మాత్రం తరగతి గదిలోనే ఉంటారు. ఎవరూ కులం పేరు ఎత్తకుండానే, ఒక లెక్కల పుస్తకం పిల్లలను కులం వారీగా విడదీసి బయట కూర్చోబెట్టగలదని నాకు ఆ ఉదయం అర్థమైంది. "మామా, మనం పైసలు ఎగ్గొట్టినమా?" అని నా మేనకోడలు అడిగింది. ఎగ్గొట్టింది ప్రభుత్వమని తొమ్మిదేళ్ల పిల్లకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2025లో తెలంగాణలోని పలుచోట్ల ఈ పథకం బకాయిల కారణంగానే పిల్లలను బడికి రానివ్వలేదు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. పేద కుటుంబాలకు నచ్చిన బడిని ఎంచుకునే అవకాశం కల్పించడానికి ప్రజాధనంతో ఇచ్చే ఉపకారవేతనాల గురించి మన మేధావులు రెండు పక్షాలుగా చీలి మాట్లాడుతుంటారు. ఇది విముక్తి మార్గమని ఒక పక్షం, ప్రైవేటీకరణకు దొడ్డిదారి అని మరొక పక్షం వాదిస్తాయి. ఆ గేటు ముందు నిలబడినప్పుడు ఈ రెండు వాదనలూ అసలు ప్రశ్నను వదిలేస్తున్నాయని అనిపించింది. డబ్బు బిడ్డ పేరున వస్తుంది. బిడ్డను రానివ్వాలో వద్దో నిర్ణయించే అధికారం మాత్రం యాజమాన్యం దగ్గరే ఉంటుంది. ఎంపిక హక్కు నిజంగా ఎవరిదన్నదే తేలవలసిన విషయం.

పథకం చిన్నదేమీ కాదు. ఇంటి నుండి వచ్చి చదివే పిల్లలను ఒకటో తరగతిలోను, హాస్టల్ పిల్లలను అయిదో తరగతిలోను చేర్చుకుంటారు. తెలంగాణలో డే స్కాలరుకు ఏటా 28,000 రూపాయలు, హాస్టల్ విద్యార్థికి 42,000 రూపాయలు ప్రభుత్వం చెల్లించాలి. పత్తి చేలలో కూలికి పోయే మా చెల్లెలి వంటి తల్లికి ఇది ఊహకందని మొత్తం. లాటరీలో పాప పేరు వచ్చిన రోజున ఆమె మా వాడంతా చక్కెర పంచింది. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

ఉపకారవేతనం ఎవరికి చేరాలన్న చర్చ మనకు కొత్త కాదు. 1882లో హంటర్ కమిషన్‌కు సమర్పించిన వినతిపత్రంలో జోతిరావు ఫూలే ఈ ప్రశ్న లేవనెత్తాడు. ఉపకారవేతనాలకు పోటీ పెట్టడం పైకి న్యాయంగానే కనిపించినా, అవి అప్పటికే చదువు రుచి తెలిసిన వర్గాలకే పోతున్నాయని, చదువు చేరని కులాలకు వాటిలో కొన్నింటిని ప్రత్యేకించాలని ఆయన కోరాడు. అదే పత్రంలో, రైతుల పన్నులతో పోగైన ఖజానా పైవర్ణాల ఉన్నత విద్యకు ఖర్చవుతుంటే ప్రజల ప్రాథమిక విద్య ఎండిపోతోందని ఆక్షేపించాడు. ఉపకారవేతనాన్నీ, ప్రాథమిక పాఠశాలనూ ఆయన ఒకదానికొకటి పోటీగా పెట్టలేదు. రెండింటినీ కలిపే అడిగాడు.

ఉపకారవేతనం ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో అంబేడ్కర్ జీవితం చూపింది. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు మంజూరు చేసిన వేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ సొమ్ము లేకుంటే మన చరిత్ర మరోలా ఉండేది. కాని 1917లో ఉద్యోగం కోసం బరోడాకు తిరిగి వచ్చినప్పుడు ఆ నగరంలో ఆయనకు అద్దెకు గది దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుండి కర్రలు పట్టుకుని వచ్చిన వారు వెళ్లగొట్టారు. సంస్థానం ఆయన చదువుకు వెల చెల్లించింది. ఆ సంస్థానపు వీధులలో ఆయన గౌరవానికి మాత్రం పూచీ పడలేదు.

ఈ విధానం సొంతంగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదని అమెరికా అనుభవం చెబుతుంది. నల్ల, తెల్ల పిల్లలను వేరు చేసే పాఠశాలలు రాజ్యాంగ విరుద్ధమని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఆ తీర్పును పాటించడానికి ఇష్టపడక 1959లో ప్రభుత్వ పాఠశాలలన్నింటినీ మూసివేసింది. తెల్లపిల్లల కోసం ప్రైవేటు పాఠశాల వెలసింది. అందులోని పిల్లలకు ప్రజాధనం నుండి ట్యూషన్ గ్రాంట్లు అందాయి. నల్లజాతి పిల్లలలో ఎందరో ఏళ్ల తరబడి బడి లేకుండా ఉండిపోయారు. 1964లో సుప్రీంకోర్టు జోక్యంతో గాని ఆ బడులు తెరుచుకోలేదు. అక్కడ 'ఎంపిక' అన్న మాటకు వేరు చేయడమనే అర్థం.

అదే దేశంలో 1990లో మిల్వాకీ నగరపు పేద పిల్లల కోసం ప్రజాధనంతో ప్రైవేటు విద్యా పథకం వచ్చింది. దాని కోసం పోరాడింది పాలీ విలియమ్స్ అనే నల్లజాతి శాసనసభ్యురాలు. ఆ పథకంలో చేరిన పాఠశాల ప్రభుత్వమిచ్చే మొత్తాన్నే పూర్తి ఫీజుగా స్వీకరించాలి. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీయాలి తప్ప పిల్లలను ఏరుకోరాదు. పథకాన్ని ధనికులకు విస్తరించాలన్న ప్రయత్నాలను తరువాతి కాలంలో ఆమే వ్యతిరేకించారు. ఒకచోట డబ్బుతో పాటు తలుపు మూసుకునే అధికారం కూడా బలవంతుల దగ్గరే ఉంది. మరొకచోట చట్టం ఆ అధికారాన్ని కొంతైనా కుదించింది. తేడా అంతా అక్కడే ఉంది.

మన నేల మీదే జరిగిన ఒక పెద్ద ప్రయోగం గురించి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల 180 గ్రామాలలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ అధ్యయనం మొదలుపెట్టారు. ప్రభుత్వ బడి పిల్లలలో లాటరీ తీసి, గెలిచిన వారి ప్రైవేటు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు భరించారు. ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. నాలుగేళ్ల తరువాత చూస్తే తెలుగులో, గణితంలో ప్రైవేటుకు వెళ్లిన పిల్లలకు, ప్రభుత్వ బడిలోనే ఉన్న పిల్లలకు తేడా కనబడలేదు. హిందీలో మాత్రం వెళ్లిన వారు బాగా ముందున్నారు. ఆ ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించి, ప్రభుత్వ బడిలో ఒక్కో పిల్లవాడిపై అయ్యే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతో నడిచాయి. అంటే ప్రైవేటులో అద్భుతమేదీ లేదు. ప్రభుత్వం పెట్టే ఖర్చుకు తగిన ఫలితమూ లేదు. ఇరు పక్షాలకూ ఇది మింగుడుపడని నిజం.

ఆ అధ్యయనంలో నేను అన్నింటి కంటే విలువైనదిగా భావించేది మరొకటుంది. ఈ పిల్లలు వచ్చి చేరినందువల్ల అప్పటికే ప్రైవేటు బడిలో చదువుతున్న పిల్లల చదువుకు నష్టం కలగలేదు. వెళ్లకుండా ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లలకూ కలగలేదు. ఢిల్లీలో గౌతమ్ రావు చేసిన మరొక అధ్యయనం 2019లో వెలువడింది. పేద సహాధ్యాయులతో కలిసి చదివిన సంపన్నుల పిల్లలు మరింత ఉదారంగా, తక్కువ వివక్షతో ప్రవర్తించారని అది తేల్చింది. "వాళ్లు వస్తే మా పిల్లలు చెడిపోతారు" అన్న పాత మాటకు ఇది సరిపోయే జవాబు. పిల్లలు కలవడం వల్ల నష్టం లేదు. వేరుగా కూర్చోబెట్టడం వల్లనే ఆ మేలు పోతుంది.

చట్టం ఏమంటోంది? 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, వంచిత వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. ప్రాథమిక విద్య పూర్తయ్యే వరకు ఏ బిడ్డనూ బహిష్కరించరాదని 16వ సెక్షన్, మానసికంగా వేధించరాదని 17వ సెక్షన్ చెబుతాయి. బకాయి పేరిట ఎండలో నిలబెట్టడం మానసిక వేధింపు కాకపోతే మరేమిటి?

అయినా తెలంగాణలో ఈ 25 శాతం నిబంధన ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 2022–23లో మొదలుపెట్టి ఏడాది ఫీజును పట్టణాలలో 8,000, గ్రామాలలో 6,500, గిరిజన ప్రాంతాలలో 5,100 రూపాయలుగా నిర్ణయించింది. ఆ ఫీజును తల్లులు తమకు అందే అమ్మఒడి సొమ్ములోంచే కట్టాలని నిబంధన పెట్టింది. తల్లికి ఒక హక్కుగా ఇచ్చిన డబ్బునే మరొక హక్కుకు ధరగా మార్చడమంటే, ఒకే రూపాయిని రెండు ఖాతాలలో చూపడమే. ప్రభుత్వం నేరుగా చెల్లించవలసిన చోట తల్లిని బాకీదారుగా నిలబెట్టడమే.

ఇక నా సంగతి చెప్పకుండా తప్పించుకోలేను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిని. సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాడిని. ఆ సాయంత్రం చెల్లెలితో, పాపను మా బడి ఉన్న ఊరికి తీసుకువచ్చి ప్రభుత్వ బడిలో చేర్పిద్దామన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నీ బడి అంత మంచిదైతే నీ కొడుకును అండ్లనే ఎందుకెయ్యలేదన్నా?" అంది. నా కొడుకు ప్రైవేటు బడిలోనే చదువుతున్నాడు. జీతం రాళ్లతో నేను కొనుక్కున్న ఎంపికను, కూలి చేసుకునే చెల్లెలు అడిగితే సిద్ధాంతం చెబుతున్నాను. దళిత మధ్యతరగతి ఈ ద్వంద్వాన్ని ఒప్పుకోకుండా ఈ చర్చ నిజాయితీగా సాగదు.

అందుకే ఈ పథకాలను రద్దు చేయమని నేను అడగను. గేటు తాళాన్ని యాజమాన్యం చేతి నుండి తీసుకోమని అడుగుతాను. ఫీజు సొమ్ము విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా విడుదల కావాలి. ఆలస్యమైతే అది ప్రభుత్వానికి, యాజమాన్యానికి మధ్య తగాదా. అందులో బిడ్డను తాకట్టుగా పెట్టరాదని, పెడితే గుర్తింపు పోతుందని ఒప్పందంలోనే రాయాలి. పథకం పిల్లలకు వేరే రిజిస్టరు, వేరే బెంచీ, వేరే జాబితా ఉండరాదు. బస్సు, పుస్తకాలు, ఉత్సవాల పేరిట తల్లుల నుండి అదనపు వసూళ్లు ఆగాలి. పాఠశాల వారీగా ఎందరు చేరారు, వారిలో బాలికలెందరు, పదో తరగతి దాకా ఎందరు నిలిచారన్న లెక్కను పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి. అన్నింటికీ మించి, లాటరీలో పేరు రాని పిల్లల కోసం ప్రభుత్వ బడి బతకాలి. వారి సంఖ్యే ఎక్కువ. అన్నను ప్రైవేటుకు పంపి ఇంటి దగ్గర బడికి పంపే చెల్లెళ్లు కూడా వారిలోనే ఉన్నారు.

తల్లులంతా కలెక్టరేట్‌కు వెళ్లి బైఠాయించాక నాలుగో రోజున గేటు తెరుచుకుంది. మా పాప మళ్లీ బడికి పోతోంది, బాగానే చదువుతోంది. కాని నెల మొదట్లో నేను ఫోన్ చేసినప్పుడల్లా, తన మార్కుల గురించి చెప్పడానికి ముందు ఒక మాట అడుగుతోంది: "మామా, సర్కారు పైసలు వచ్చినయా?"