మాడుగుల హల్వాయు, అడుగుల ఆటయు

తూర్పు కనుమల పాదమున, చోడవరము మీదుగా పాడేరు మన్యమునకు పోవు త్రోవలో మాడుగుల అను ఊరు ఉన్నది. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరి పేరు చెప్పగానే తెలుగువారికి మొదట స్ఫురించునది హల్వా. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను నిలువ ఉంచి, పంచదారయు నెయ్యియు చేర్చి, పొయ్యి మీద గంటల తరబడి కలియబెట్టి, జీడిపప్పు, బాదంపప్పు అద్ది దించిన ఆ తీపి ఖండము మాడుగుల పేరును దేశాంతరములకు మోసుకొనిపోయినది. 1890 ప్రాంతమున దంగేటి ధర్మారావుగారు దీనిని ఆరంభించినారని ప్రతీతి.

దాదాపు ఆ కాలముననే, 1889లో, జపాను దేశమున క్యోటో నగరములో ఫుసజిరో యమౌచి అను నాతడు పూలబొమ్మల పేకముక్కలు తయారుచేయు చిన్న దుకాణము తెరచినాడు. దాని పేరు నింటెండో. పేకముక్కల నుండి బొమ్మలకు, బొమ్మల నుండి విద్యుత్తుతో నడచు ఆటలకు ఎదిగి, ఆ దుకాణము నేడు ప్రపంచములోని పెద్ద వీడియో గేముల సంస్థలలో ఒకటి అయినది.

ఒక అంగడి నాలుకకు రుచి ఇచ్చినది. మరియొక అంగడి చేతికి పని ఇచ్చినది. ఒకదానితో మరియొకదానికి సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. తీపి వలన పెరిగిన బరువును, చేతిలోని ఆట తగ్గించగలదా? ఇదియే ఆ సంబంధము. ప్రశ్న వినుటకు వింతగా ఉన్నను, దాని వెనుక నలుబది సంవత్సరముల చరిత్రయు, శాస్త్రజ్ఞులు చేసిన కొలతలును కలవు.

మొదట ఈ చేతి ఆట పుట్టుక చూడవలెను. నింటెండో సంస్థలో గుంపై యోకోయి అను ఇంజనీరు, రైలులో ఒక ఉద్యోగి కాలిక్యులేటరు మీటలు నొక్కుచు ప్రొద్దుపుచ్చుట చూచి, అరచేతిలో ఇమిడెడు ఆట ఒకటి ఉండరాదా అని యోచించినాడని చెప్పుదురు. ఆ యోచన ఫలితముగా 1980లో ‘గేమ్ అండ్ వాచ్’, 1989లో ‘గేమ్ బాయ్’ వెలువడినవి. పిల్లలు వాటి వెంటబడినారు. అయితే ఆ ఆటలో కదలునది రెండు బొటనవ్రేళ్లు మాత్రమే. తక్కిన దేహమంతయు చతికిలబడి ఉండును. చెడుగుడులో రొప్పిన ఊపిరి, గోటీబిళ్లలో పరుగిడిన కాలు, తొక్కుడుబిళ్లలో ఎగిరిన మడమ – ఇవి ఏవియు ఇందులో లేవు. కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునని పెద్దలు చెప్పినారు. ఆస్తి విషయమున ఆ మాట నిజమే. పొట్ట విషయమున మాత్రము తారుమారగును: కూర్చుండి తిన్నకొలది ఆ కొండ పెరుగునే గాని కరగదు.

ఈ లోపమును దిద్దుటకు ఆటను తయారుచేయువారే పూనుకొనుట విశేషము. 1998లో నింటెండో ‘పాకెట్ పికాచు’ అను చిన్న పరికరమును వెలువరించినది. చూచుటకు అది ఒక బొమ్మజంతువు ఉన్న గడియారము వంటిది. లోపల అడుగులను లెక్కించు యంత్రము ఉన్నది. మనిషి నడచిన ఇరువది అడుగులకు ఒక ‘వాట్’ జమ అగును. ఆ జమను జంతువునకు కానుకగా ఇచ్చిన కొలది అది యజమానిపై ప్రేమ చూపును. 2009లో వచ్చిన ‘పోకేవాకర్’ ఇంకొక మెట్టు ముందుకు పోయినది. చేతి ఆటలోని ఒక జీవిని ఆ చిన్న బిళ్లలోనికి పంపి, దానిని నడుమునకు తగిలించుకొని నడచినచో, జీవికి అనుభవమును, ఆటగానికి వస్తువులును లభించును. ఆట గెలువవలెనన్న కుర్చీ విడువక తప్పదు.

అడుగులు లెక్కించుట జపానులో అప్పటికే పాతబడిన అలవాటు. టోక్యో ఒలింపిక్ క్రీడలు ముగిసిన మరుసటి ఏడు, 1965లో, అచ్చటి ఒక సంస్థ ‘మంపో–కేయ్’ అను పరికరమును అమ్మకమునకు పెట్టినది. ఆ మాటకు పదివేల అడుగుల కొలమానమని అర్థము. నేడు లోకమంతయు వల్లించుచున్న ‘దినమునకు పదివేల అడుగులు’ అను నియమము వ్యాప్తిలోనికి వచ్చినది ఈ వ్యాపారనామము వలననే. వైద్యపరిశోధన వలన కాదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏండ్ల వయస్సు గల 16,741 మంది స్త్రీలను పరిశీలించిన ఫలితములు ప్రకటింపబడినవి. దినమునకు సుమారు 2,700 అడుగులు నడచినవారి కంటె 4,400 అడుగులు నడచినవారిలో మరణములు గణనీయముగా తక్కువ. ఆ లాభము 7,500 అడుగుల వరకు పెరిగి, ఆపైన స్థిరపడినది. పదివేలు నడువలేనని నిరాశపడి కూర్చుండువారికి ఇది ఊరట కలిగించు వార్త.

ఇక 2016 జూలైలో ‘పోకెమాన్ గో’ వచ్చినది. ప్రత్యేకమైన ఆటపెట్టె అక్కరలేదు; చేతిలోని ఫోనే ఆటస్థలము. వీధులు, పార్కులు, గుడి ముంగిళ్లు తిరిగి, ఫోను తెరపై కనిపించు జీవులను పట్టుకొనవలెను. అదే సంవత్సరము డిసెంబరులో అది భారతదేశమునకును చేరినది. కోట్ల మంది ఒక్కసారిగా వీధిన పడి నడచుట చూచి, శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టుటకు కూర్చుండినారు.

రెండు పరిశోధనల ఫలితములు గమనింపదగినవి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము, మైక్రోసాఫ్ట్ సంస్థల పరిశోధకులు, ఆటపై మిక్కిలి ఆసక్తి గలవారు ముప్పది దినముల పాటు దినమునకు సగటున 1,473 అడుగులు అదనముగా నడచినారని తేల్చినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన రెండవ ఫలితము ఉత్సాహమును కొంత చల్లార్చును. మొదటి వారములో దినమునకు 955 అడుగులు పెరిగినవి. తరువాత వారము వారమునకు తగ్గి, ఆరవ వారమునకు ఆటగాండ్ర నడక ఎప్పటి స్థితికే వచ్చినది. కొత్త వింత, పాత రోత అను సామెత కాలినడకకును వర్తించినది.

ఈ అంకెలను మాడుగుల హల్వాతో తూచి చూచుట విద్యార్థులకు చక్కని గణితాభ్యాసము. పంచదారలోను, గోధుమపాలలోని పిండిపదార్థములోను గ్రామునకు 4 కేలరీల శక్తి ఉండును. నేతిలో 9 కేలరీలు. ఆ లెక్కను 50 గ్రాముల హల్వా ముక్కలో సుమారు 200 కేలరీలు ఉండునని అనుకొనవచ్చును. 60 కిలోల బరువు గల మనిషి వేయి అడుగులు నడచినచో వ్యయమగునది రమారమి 40 కేలరీలు. అనగా రెండు నిమిషములలో కరగిపోవు ముక్కకు బదులు తీర్చుటకు అయిదువేల అడుగులు వేయవలెను. ఆటగాండ్రు అదనముగా నడచిన 1,473 అడుగులకు వచ్చునది 60 కేలరీలు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు నిలువ ఉండును. ఈ చొప్పున ఒక్క కిలో కరగుటకు 128 దినములు, అనగా నాలుగు నెలలకు పైగా పట్టును. అదియు ఆ నడక ఒక్కనాడును మానక, తిండి ఒక్క ముద్దయు పెరుగక ఉన్నప్పటి మాట. వాస్తవమున శరీరము ఇంత సరళముగా లెక్కకు లొంగదు. నడచినవానికి ఆకలియు పెరుగును.

కావున ఆట ఒక్కటే బరువు తగ్గించునని చెప్పుట సత్యము కాదు. బరువు విషయమున కంచమే ప్రధానము. నడక దానికి తోడు. అట్లని నడకను చిన్నచూపు చూడరాదు. నడచునప్పుడు కండరములు రక్తములోని చక్కెరను వాడుకొనును. గుండెకు బలము, నిద్రకు సుఖము చేకూరును. తూకపురాయిపై అంకె కదలకున్నను ఈ లాభములు కలుగుచునే ఉండును.

అయితే ఈ ఆటల నుండి నేర్వదగినది కేలరీల లెక్క కంటె లోతైనది. ఆరోగ్యము దూరపు బహుమతి. నేడు నడచినచో ఇరువది ఏండ్లకు మేలు కలుగునని చెప్పిన మాట పండ్రెండేండ్ల బాలునికి రుచించునా? ఇరువది అడుగులకు ఒక ‘వాట్’ అన్నచో లేచి నిలుచును. ఫలము కంటికి కనబడినది; వెంటనే చేతికి అందినది. అంతకు మించిన కిటుకు మరియొకటి కలదు. ఆ బొమ్మజంతువు తన కొరకు ఎదురుచూచుచున్నదని పిల్లవాడు భావించును. తన కొరకు నడువనివాడు మరియొక ప్రాణి కొరకు నడచును. దూడను మేతకు తోలుకొనిపోవు పల్లెటూరి బాలుడు ఏ వైద్యుని సలహా మీద నడచుచున్నాడు? ఉపాధ్యాయులు ఈ రహస్యము ఎరుగనివారు కారు. తన మార్కుల కొరకు చదువని విద్యార్థి, తన జట్టు ఓడిపోవునని తెలిసినప్పుడు రాత్రంతయు చదువుట వారికి అనుభవమే.

ఈ విషయము కాలక్షేపమునకు చెప్పుకొనదగినది మాత్రమే కాదు. 2021 నాటికి భారతదేశమున 10.1 కోట్ల మంది మధుమేహ పీడితులున్నట్లు భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము అంచనా వేసినది. ఆంధ్రప్రదేశమున 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము స్త్రీలలో మూడవ వంతుకు పైగా అధిక బరువు గలవారు; అదే సర్వేలో అయిదేండ్ల లోపు పిల్లలలో మూడవ వంతుకు దగ్గరగా వయస్సుకు తగిన ఎత్తు ఎదగనివారు. ఒకే వీధిలో, ఒక్కొక్కచో ఒకే ఇంటిలో, లావుతో బాధపడు తల్లియు, చిక్కిన బిడ్డయు ఉన్నారు. బడిలో ఒకే బల్ల మీద ఇద్దరును కూర్చుందురు. కావున తరగతిలో పిల్లలను తూచి, అంకెలు చదివి వినిపించుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. బొద్దుగా ఉన్న పిల్లకు పేర్లు పెట్టి నవ్వినచో ఆమె ఆటస్థలమునకు వచ్చుట మానును. కదలిక మానిన దేహము మరింత బరువెక్కును. అవహేళన వలన ఎవరును సన్నబడరు.

అయిదు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల దేహవ్యాయామము ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. బడులు ఆట పీరియడ్‌ను లెక్కల పాఠమునకు అప్పగించు ఈ దినములలో ఆ గంట ఎచ్చటి నుండి వచ్చును? వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామవిద్య నేర్పి, బలమున జగత్ప్రసిద్ధుడైన కోడి రామమూర్తినాయుడుగారు తిరిగిన ఉత్తరాంధ్రమున ఈ ప్రశ్న అడుగవలసివచ్చుట విచారకరమే.

జపాను పరికరములోని కిటుకును ఖర్చు లేకయే బడిలో ప్రయోగింపవచ్చును. ఆటస్థలమున 200 మీటర్ల చుట్టు ఒకటి సున్నముతో గీయవలెను. ప్రతి విద్యార్థియు ఒక చుట్టు నడచి వచ్చినప్పుడెల్ల కుండలో ఒక చింతపిక్క వేయవలెను. తొమ్మిది చుట్లకు 1,800 మీటర్లు. పిల్లల అడుగుతో మూడువేల అడుగులు. పట్టు కాలము అరగంట లోపు. నలుబది మంది గల తరగతి నడచిన దూరము ఒక్కదినమున 72 కిలోమీటర్లు. గోడ మీద ఆంధ్రదేశపు పటము కట్టి, విశాఖపట్టణము నుండి బయలుదేరినట్లు దారము సాగదీసినచో, అయిదు దినములలో 360 కిలోమీటర్లు నడచి తరగతి అంతయు విజయవాడ చేరును. దారిలో తగులు నదులు, పట్టణములు భూగోళ పాఠమగును. చుట్ల లెక్క గణితమగును. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ ఆటలో లావుపాటి పిల్లవాని చింతపిక్కకును, బక్కపిల్లవాని చింతపిక్కకును విలువ ఒక్కటే. మెల్లగా నడచినవాడును కృష్ణాతీరమునకు తరగతిని చేర్చినవారిలో ఒకడే. ఆరవ వారమున ఉత్సాహము తగ్గునని హార్వర్డ్ లెక్క హెచ్చరించినది గనుక, అయిదవ వారముననే పటము మార్చి కొత్త యాత్ర ఆరంభించుట వివేకము.

ఫోనుతో ఆడువారికి మాత్రము ఒక హెచ్చరిక తప్పదు. తెర చూచుచు రోడ్డు దాటి ప్రమాదముల పాలైనవారు పలు దేశములలో ఉన్నారు. కన్ను ఆటలోను, కాలు రోడ్డుపైనను ఉండరాదు. జబ్బు వలన బరువెక్కినవారికి ఆటయు, చింతపిక్కయు చాలవు, వైద్యుని దర్శింపవలెను.

హల్వా మాట ఏమి? దానిని దోషిగా నిలబెట్టనక్కరలేదు. పండుగనాడు, చుట్టము వచ్చిననాడు ఒక ముక్క తినుట కొరకే అది పుట్టినది. మన్యము నుండి బరువులు మోసుకొని కాలినడకన కొండ దిగినవానికి ఆ ముక్క బలము. బస్సు దిగి, కుర్చీలో కూర్చుండి, తెర చూచుచు పొట్లము ఖాళీచేయువానికి అదే బరువు. మారినది తీపి కాదు, నడక. ‘మా అడుగుల’ అని వడిగా పలికినచో వినబడునది మాడుగుల అనియే. ఇది వ్యుత్పత్తి కాదు, మాటలతో ఆట మాత్రమే. అయినను ఆ ఊరి పొట్లము విప్పినప్పుడు, దాని పేరులో దాగిన అడుగులు జ్ఞాపకమునకు వచ్చినచో, తిన్నదానికి రుచియు దక్కును, తిన్నవానికి ఆరోగ్యమును దక్కును.