ఆ నాసా కాదమ్మా! టైమ్ ట్రయల్ పోటీలు: అపోహలు – వాస్తవాలు

మొదటి అపోహ మా ఇంట్లోనే పుట్టింది. "మావాడు నాసా పోటీలో పాల్గొన్నాడు" అని మా అమ్మ తెనాలిలో వీధి వీధంతా చెప్పేసింది. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అమెరికాలో ఆ పేరుతో రెండు సంస్థలున్నాయి. ఒకటి రాకెట్లు పంపేది. రెండోది నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. 1991లో మొదలైన ఈ రెండో నాసా, నాలాంటి ఉద్యోగస్తులు శని ఆదివారాల్లో సొంత కార్లు రేస్ ట్రాక్ మీద తోలుకునేందుకు పోటీలు నడుపుతుంది. దీనికంటే బాగా పాతది 1944 నాటి స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. రెండూ టైమ్ ట్రయల్స్ పెడతాయి. సంగతి వివరంగా చెప్పాక కూడా అమ్మ వీధిలో సవరణ ప్రకటించలేదు.

అక్కడి నుంచి మొదలుపెడితే, కొత్తవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటి పొరపాట్లే.

"ఎవరి మీద గెలిచావు?"

టైమ్ ట్రయల్‌లో పోటీ గడియారంతో. కారుకి బిగించిన ట్రాన్స్‌పాండర్ అనే చిన్న డబ్బా, తారు కింద పాతిన తీగ మీదుగా వెళ్లిన ప్రతిసారీ సెకనులో వెయ్యో వంతు వరకు సమయం నమోదు చేస్తుంది. రోజంతటిలో మీ అత్యుత్తమ ల్యాప్ (ట్రాక్ మీద ఒక పూర్తి చుట్టు) ఏదో అదే మీ మార్కు. ట్రాక్ మీద పది కార్లున్నా ఎవరి లెక్క వారిదే. వేగంగా తోలేవాళ్లను ముందు వదులుతారు కాబట్టి ఒకరికొకరు అడ్డం రావడం తక్కువ. తెలివైనవాళ్లు మొదటి ల్యాపులో కావాలనే వెనకబడి, ముందున్న కారుకీ తమకీ మధ్య ఖాళీ చేసుకుంటారు. నేర్చుకునే దశలో అయితే, ముందున్నవాడు కిటికీలోంచి చేయి బయటపెట్టి "వెళ్లు" అని చూపిస్తేనే దాటాలి, అదీ తిన్నటి దారిలోనే. నాలుగు చక్రాలూ తారు దాటి మట్టిలో పడితే నేరుగా పిట్‌కి వచ్చి జరిగింది చెప్పుకోవాలి. సినిమాల్లో చూసే గుద్దులాటకి ఇక్కడ చోటు లేదు.

"రింగ్ రోడ్డు మీద 180 కొట్టినవాడిని, నాకు ట్రాక్ ఎంత?"

హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది అన్నమాట ఇది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 180 కొట్టడం నేరం. ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చే పని. దాన్ని పక్కన పెట్టినా, తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కడానికి నైపుణ్యం అక్కర్లేదు. బరువైన కాలు చాలు.

ట్రాక్ మీద అసలు పని బ్రేకుది. లెక్క వేసి చూడండి. 1400 కిలోల కారు గంటకి 200 కిలోమీటర్ల వేగం నుంచి 100కి దిగాలంటే ఆ శక్తి ఎక్కడికో పోవాలి. వేగం సగమైతే శక్తి సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. పోయిన మూడు వంతులూ దాదాపుగా బ్రేకుల్లో వేడిగా మారతాయి. ఆ వేడితో అయిదున్నర లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. ఒక్క మలుపు దగ్గర, నాలుగైదు సెకన్లలో! అలాంటి మలుపులు ల్యాపుకి రెండు మూడున్నా, ఇరవై నిమిషాల సెషన్లో బ్రేకుల గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నేను ఊహించుకోలేదు, అనుభవించాను. కాలిఫోర్నియాలో విల్లోస్ అనే చిన్న ఊరి దగ్గర థండర్‌హిల్ ట్రాక్ ఉంది. మూడు మైళ్ల పొడవు, పదిహేను మలుపులు. వేసవిలో అక్కడి ఎండ రెంటచింతలను గుర్తుచేస్తుంది. రెండేళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్‌తో వెళ్లాను. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ప్రమాణం ప్రకారమే ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. మూడో సెషన్లో తిన్నటి దారి చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా, బురదలో కాలు దిగబడినట్టు, అడుగుకంటా వెళ్లిపోయింది. రెండు మూడుసార్లు గబగబా కొట్టి, గేరు దించి, మట్టిలోకి దిగి ఆగాను. కారుకేమీ కాలేదు. నా నోట్లోనే బోలెడు దుమ్ము.

మొదటి ట్రాక్ రోజుకి డబ్బు పెట్టాల్సింది కొత్త బ్రేక్ ఆయిల్ మీద, వేడికి తట్టుకునే ప్యాడ్ల మీద. మా బావమరిది లాంటివాళ్లు సైలెన్సర్ మార్పిస్తారు. కొన్ని ట్రాకుల్లో శబ్దానికి పరిమితి ఉంటుంది, లగూనా సెకాలో మరీ గట్టిగా పట్టుకుంటారు. డబ్బు పెట్టి కొన్న మోతకే ఇంటికి పంపిస్తారు.

"లక్షలు పోసే కారు కావాలి"

బరువుకీ ఇంజన్ శక్తికీ ఉన్న నిష్పత్తిని బట్టి నాసా కార్లను తరగతులుగా విడదీస్తుంది. టీటీ1 చాలా వేగమైనవాటికి, టీటీ6 నెమ్మదైనవాటికి. కాబట్టి మీ పాత కారు పోటీపడేది పోర్షేతో కాదు, మరో పాత కారుతో. అమెరికాలో కొత్తవాళ్లు ఎక్కువగా కొనేది మాజ్దా మియాటా. 1989లో వచ్చిన మొదటి తరం మియాటాలో 1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్‌పవర్, బరువు టన్నుకి అటూ ఇటూ. తేలిక కాబట్టి బ్రేకులు అంతగా కాలవు, టైర్లు త్వరగా అరగవు. శక్తి తక్కువ కాబట్టి మలుపులో చేసిన తప్పును తిన్నటి దారిలో కప్పిపుచ్చుకోలేరు. అందుకే దానిలో నేర్చుకున్నవాడు బాగా నేర్చుకుంటాడు.

అలాగని చవక వ్యవహారం అని నేను చెప్పను. కారు ధర ఒకసారి పోయేది. ఎంట్రీ ఫీజు, పెట్రోలు, టైర్లు, ప్యాడ్లు వెళ్లిన ప్రతిసారీ పోయేవి. ఇంట్లో ముందే చెప్పుకోవడం మంచిది.

"మొదటి రోజే స్టాప్‌వాచ్ పట్టుకోవచ్చు"

చాలా చోట్ల కొత్తవాళ్ల గ్రూపులో సమయం లెక్కపెట్టడమే నిషేధం. ఫోన్లో ల్యాప్ టైమర్ పెట్టినా తీసేయమంటారు. ముందు నడిచేది బడి. నాసాలో దాన్ని నాలుగు మెట్లుగా చేశారు. మొదటి మెట్టులో పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు, హెల్మెట్‌లోని మైకులో మాట్లాడుతుంటాడు. నా మొదటి ఇన్‌స్ట్రక్టర్ డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. రోజంతా ఆయన చెప్పింది ఒకటే మాట: "దూరం చూడు." మనం ఎటు చూస్తే చేతులు కారుని అటే తిప్పుతాయి. గోడను చూస్తే గోడకే.

ఆయన చెప్పిన ఇంకో సంగతిని నేను మన భాషలోకి ఇలా మార్చుకున్నాను. టైరు పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకి ఖర్చు పెట్టవచ్చు, మలుపు తిరగడానికి పెట్టవచ్చు, ముందుకి ఉరకడానికీ పెట్టవచ్చు. మొత్తం జీతం బ్రేకుకే పోస్తే తిరగడానికి పైసా మిగలదు, కారు తిన్నగా పోతుంది. కొత్తవాళ్లు మలుపు మధ్యలో భయపడి బ్రేక్ తొక్కితే జరిగేది అదే. బడి అంతా ఈ ఖర్చును ఒకదాన్నుంచి ఇంకోదానికి మెల్లగా మార్చడం నేర్చుకోవడానికే.

"హెల్మెట్ అంటే హెల్మెట్టే కదా"

కాదు. 1956లో రేసులో చనిపోయిన పీట్ స్నెల్ పేరిట మరుసటి ఏడాది ఏర్పడిన స్నెల్ ఫౌండేషన్, కార్ రేసులకి ఎస్‌ఏ, మోటార్ సైకిళ్లకి ఎం అని వేర్వేరు ప్రమాణాలు పెట్టింది. ఎస్‌ఏ హెల్మెట్ లోపలి గుడ్డ మంటకి తట్టుకోవాలి, కారు లోపలి ఇనుప కడ్డీకి తల కొట్టుకునే పరీక్ష కూడా నెగ్గాలి. బండి మీద పెట్టుకునేది తెస్తే చాలా చోట్ల గేటు దగ్గరే ఆపుతారు.

"ఇన్సూరెన్స్ చూసుకుంటుందిలే"

చూసుకోదు. అమెరికాలో మామూలు కారు పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు. ఒక్క రోజుకి, రెండు రోజులకి విడిగా ట్రాక్ పాలసీలు అమ్మేవాళ్లున్నారు. మన దేశంలోనూ అంతే. మీ కారు పాలసీ తీసి "వాడకంపై పరిమితులు" అన్న చోట చూడండి. వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ వర్తించవని రాసి ఉంటుంది. నేను ట్రాక్ పాలసీ తీసుకున్న ప్రతిసారీ కారు విలువను మనసులో రాసుకుని, "ఇది ఈరోజు పోయినా రేపు ఆఫీసుకి వెళ్లగలనా?" అని నన్ను నేను అడుగుతాను. వెళ్లలేనంటే ఆ కారు తీసుకెళ్లను.

"ఇవన్నీ అమెరికాలోనే"

కాదు, మన దేశంలోనూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం రన్‌వే మీద మద్రాసువాళ్లు దశాబ్దాల పాటు పందేలు పెట్టారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల సొంత ట్రాక్ వచ్చింది. తిరుపతి, నెల్లూరువాళ్లకి అది హైదరాబాద్ కన్నా చాలా దగ్గర. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ సర్క్యూట్ ఉన్నాయి. పోటీలో దిగాలంటే మన దేశ మోటార్ క్రీడల సమాఖ్య ఇచ్చే లైసెన్స్ కావాలి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల పోటీ జరిగినప్పుడు వీధుల్లో రేసు చూసి ఉత్సాహపడ్డ కుర్రాళ్లకి ఒక్క మాట: ఆ రోజు ఆ వీధులు గోడలు కట్టి మూసినవి. మామూలు రోజున అవి మామూలు వీధులే.

నా దగ్గర ట్రాక్ లెక్కలు రాసుకునే ఓ నోటు పుస్తకం ఉంది. పొద్దున టైర్లలో గాలి 28, నాలుగు ల్యాపుల తర్వాత 35. గాలి ఉష్ణోగ్రత, ఏ మలుపులో ఏ బోర్డు దగ్గర బ్రేక్ తొక్కాను, ఆ ల్యాప్ సమయం. కిరాణా కొట్టు చిట్టాలా కనిపిస్తుంది. పోయిన నెల ఫోనులో అమ్మ మళ్లీ అడిగింది, "ఎన్నో స్థానం వచ్చింది?" అని. ఏడో స్థానమని చెప్పాను. "పోయినసారి?" "తొమ్మిది." కాసేపు ఆగి, "సరే, భోంచేశావా?" అంది.